నెర్రెలపై పరచిన తోళ్ళు

కుంపిణీ వారి దొరతనం కోయంబత్తూరు సీమలో స్థిరపడి, పాత పాళెగాళ్ళ పేర్లు ముసలివారి నోట మాత్రమే మిగిలి ఉన్న కాలంలో, ఉడుమలైపేట నుండి పళనికి పోయే బాట పక్కన తొప్పనాయక్కనూరు అనే గ్రామం ఉండేది. నల్లరేగడి నేల, జొన్న, పత్తి, బావుల కింద కొన్ని రాగులు. సేద్యం చేసేవారివన్నీ తెలుగు నాయకర్ ఇండ్లే. తమ పెద్దలు ఎప్పుడో ఉత్తరం నుండి వచ్చినవారని చెప్పుకొనేవారు గాని, ఆ ఉత్తరం ఎంత దూరమో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం. కోపం వచ్చినప్పుడు రెండూ కలిసి వచ్చేవి.

సదరు గ్రామానికి నీటి ఆధారం మోటబావులు. మోటను అక్కడివారు కవలై అంటారు. ఎద్దులు మోకును లాగుతూ ఏటవాలు దారిలో దిగగా, తోలుతో కుట్టిన పెద్ద సంచి బావిలో నుండి నిండుగా పైకి లేచి, తన తొండాన్ని తొట్టిలో వాల్చి, నీటిని కాలువలోకి వదులుతుంది. ఆ తోలు చినిగితే పైరు ఎండవలసినదే. దానిని పదును చేసి కుట్టే మనిషి ఊరికి ఒక్కడే. తోలు సంచిలో వచ్చిన నీళ్ళు అందరూ తాగవచ్చు. ఆ తోలు కుట్టినవాని చేతి నీళ్ళు ఎవరూ తాగరాదు. ఇది ఆ సీమలోని ఏర్పాటు. ఇందులో వింత ఉన్నదని ఎవరికీ తోచలేదు.

ఆ తోలుపనివాని పేరు ఆండియప్ప. మొదట్లో అతనికి మాట తక్కువ, ముఖం చిట్లింపు ఎక్కువ. కుట్టిన మోటను బావిగట్టుకు దూరంగా పడవేసి, పిలిచినా వెనుదిరగకుండా పోయేవాడు. ఒక ఏడు, మేనమామకు జబ్బుగా ఉన్నదని కబురు రాగా మధుర జిల్లాలోని ఆండిపట్టికి పోయి, కోతలు ముగిసిన తరువాత గాని తిరిగి రాలేదు. వచ్చినప్పుడు అతని పేరు యేసుదాస్. అక్కడ కిరస్తానీ వేదంలో చేరినాడని, పాదిరి అతని తలపై నీళ్ళు పోసినాడని తెలిసి ఊరు కొన్నాళ్ళు నవ్వింది, కొన్నాళ్ళు తిట్టింది. చివరకు తోలుపని చేసేవాడు మరొకడు లేనందున ఊరకున్నది.

ఊరకుండలేకపోయినది వీరమ్మాళ్ ఒక్కతె. ఆమె ఊరి శిస్తు, పెత్తనం చూసే గ్రామ మణియకారర్ చెన్నకేశవన్‌కు వదినె. మగడు పోయిన తరువాత తన వంతు తోటను, బావిని తానే చూసుకొనేది. ఏ విషయమైనా తుదముట్ట తెలుసుకోనిదే ఆమెకు అన్నం సహించదు. పక్కింటి ఆవు సాయంత్రం పూట మాత్రమే ఎందుకు తన్నుతుందో కనిపెట్టడానికి ఒకసారి వరుసగా కొన్ని దినాలు గోడ ఎక్కి కూర్చున్నది. అటువంటి ఆమెకు యేసుదాస్ ముఖం పెద్ద చిక్కుముడి అయినది. అతడు వేదంలో చేరడం కాదు ఆమెను వేధించినది. చేరినప్పటి నుండి సంతోషంగా ఉండడం.

ఇప్పుడతడు మోట కుట్టి పడవేసి పోడు. మొదటి నీరు తొట్టిలో పడేవరకు దూరాన నిలబడి చూస్తాడు. కుట్టుల నుండి చుక్క కారితే మళ్ళీ విప్పమంటాడు. నడవలేని ముసలివారికి అడగకుండానే చెప్పులు కుట్టి వాకిట పెట్టి పోతాడు. పశువులు కాసేవారి పాదాలలో విరిగిన తుమ్మముండ్లను తోలు కుట్టే తన ఆరె మొనతో మెల్లగా తీస్తాడు. నాయకర్ ఇండ్లవారు కూడా చాటుగా ముల్లు తీయించుకొని, స్నానం చేసి, ఆ సంగతి ఇంట్లో చెప్పేవారు కారు. ఇంత చాకిరీ చేసి నవ్వుతూ పోయే మనిషిని వీరమ్మాళ్ తన జన్మలో చూడలేదు. దీని వెనుక ఏదో రాబడి ఉండి తీరాలని ఆమె నిశ్చయించుకొని విచారణ మొదలుపెట్టింది.

మొదట, కొట్టం వెనుక పేడ ఎత్తడానికి వచ్చిన అతని భార్య తాయమ్మాళ్‌ను పట్టుకొన్నది.

“తాయీ, నిజం చెప్పు. ఆ పాదిరి నీ మొగునికి ఏమిస్తాండాడు? బియ్యమా, గుడ్డా?”

“ఇచ్చుంటే నేను ఈ చినుగు చీర కట్టుకొనుందునా అమ్మణ్ణీ?”

“మరి ఏమిటికి అట్ల నవ్వుతా తిరుగుతాండాడు?”

“నాకేం తెల్సు? ముందు కల్లు తాగి ఏడ్సేవాడు. ఇప్పుడు తాగకుండా నవ్వుతాడు. ఏడ్సేటప్పుడన్నా ఏమిటికని నాకు తెలిసేది.”

ఈ వాఙ్మూలం వల్ల విషయం తేలలేదు. కనుక వీరమ్మాళ్ అతనినే అడిగింది.

“ఒరే ఆండీ!”

“ఇప్పుడు యేసుదాసుంగ అమ్మణ్ణీ,” అన్నాడతడు, ‘అండీ’ అనే చోట ఆ సీమవారు తగిలించే ‘ఉంగ’తో.

“సరి, ఏదో ఒక దాసు. ఊర్లో వాళ్ళ ముండ్లన్నీ తీస్తాండావే, నీకేమొస్తాది?”

యేసుదాస్ తల గోక్కొన్నాడు. “చెప్పినా నమ్మరుంగ. పొద్దు పోతాండాది, ఆ తట్టు తొండం ఒకటి కారుతాండాది,” అని నవ్వి వెళ్ళిపోయినాడు. దొంగ తాను దొంగిలించినది చెప్పకుండా నవ్వి పోయినట్టు ఆమెకు ఒళ్ళు మండింది.

ఆ ఏడు వానలు ముందే వెనుదిరిగినవి. సంక్రాంతితో మొదలయ్యే తై మాసం వచ్చేసరికి రేగడి బీళ్ళు ఎండి నెర్రెలు విచ్చినవి. యథాప్రకారం పళనికి మొక్కుబడి వారు కావళ్ళు మోసుకొంటూ బాటన పోతూ ఉన్నారు. వారి వెంట పేది జాడ్యం కూడా వచ్చింది. వాంతులు, భేదులు, గుంటలు పడిన కళ్ళు. పొద్దున నడిచిన మనిషి సాయంత్రానికి లేడు. పొల్లాచ్చి వైపు నుండి వచ్చిన ఒక గుంపులో కొందరు జబ్బు పడగా, మిగిలినవారు భయంతో వారిని బాట పక్కనున్న పాడుబడిన రాతి మండపంలో దించి ముందుకు సాగిపోయినారు.

చెన్నకేశవన్ కఠినుడు కాడు గాని, ఊరి భారం తన నెత్తిన ఉన్నదని మరువనివాడు. ఊరి సందుకు అడ్డంగా ముళ్ళకంప వేయించి, మండపం వైపు ఎవరూ పోరాదని, అటునుండి ఎవరినీ రానీయరాదని ఉత్తరువు చేసినాడు. కంప ఊరిలోని వారిని ఆపింది. యేసుదాస్ ఇల్లు ఊరి వెలుపలే ఉన్నందున అతనిని ఆపడానికి అక్కడ ఏమీ లేదు.

వీరమ్మాళ్ తోట కూడా ఊరికి వెలుపల, మండపానికి ఎగువన ఉండేది. ఆమె అక్కడి నుండి అంతా చూస్తూ ఉండింది. యేసుదాస్ మండపానికి పోవడం, ఒకరిని నీడలోకి జరపడం, పాత తోలు పరచి మరొకరిని పడుకోబెట్టడం. తరువాత ఏదో మోసుకొని పోయి, అది అలాగే మోసుకొని తిరిగి రావడం. మళ్ళీ పోయినాడు, మళ్ళీ అలాగే వచ్చినాడు. చివరకు తోట కంచె బయట నిలబడి పిలిచినాడు.

“అమ్మణ్ణీ! దగ్గరికి రాను, ఈడ నుంచే చెప్తా. ఒక ఉపకారం కావల.”

“ఏమది, మోసుకొని పోయింది మోసుకొని తెస్తాండావు?”

“నీళ్ళుంగ. కొత్త తోలుతిత్తి కుట్టి, అందులో పోసుకొని పోయినా. కవలై నీళ్ళు తాగుతారు కదా, ఇదీ తోలే, ఇంగా ఎవరూ ముట్టనిది, తాగుతారనుకొన్నా. తాగలా.” తన తెలివితక్కువకు అతడే నవ్వినాడు. “తోలుకు అంటు తీట్టు లేదంట. చేతికే ఉండాదంట.”

మండపంలో కాంతమ్మాళ్ అనే పెద్దామె, ఆమె అన్న రంగరాజన్, మరికొందరు ఉన్నారనీ, అందరూ తెలుగువారేననీ, మొక్కు మీద ఉన్నందున అతని చేతి నీళ్ళు తాకబోమన్నారనీ యేసుదాస్ చెప్పినాడు. ఆ పెద్దామె, నీ చేతి నీళ్ళు తాగి చచ్చేదానికంటే ఎండి చచ్చేది మేలు అన్నదట.

“అంత మాటన్నాక ఇంగా ఏమిటికి పోతావురా?”

“ఆమె నాలుక ఎండిపోయుండాదింగ. ఎండిన నాలుకతో ఎవరైనా తియ్యగా మాట్లాడతారా?” అని యేసుదాస్ మండపం వైపు చూసినాడు. “అమ్మణ్ణీ, కాలువలో పారే నీళ్ళు ఎవరి చేతివీ కావు. మీ కవలై తోలి, ఈ బీడు మీద మండపం దాకా కాలువ విడిస్తే వాళ్ళే దోసిలి పట్టి తాగుతారు. కాలువ నేను తీస్తా. పొద్దు వాలేలోపల నీళ్ళు పోకపోతే ఒక్కరూ మిగలరుంగ.”

మణియకారర్ ఉత్తరువుకు ఇది విరుద్ధం. వీరమ్మాళ్‌కు ఆ సంగతి తెలుసు. అయినా ఆమె నోట ముందుగా వచ్చినది ఆ మాట కాదు.

“నీళ్ళ సంగతి ఉండనీ. ముందు ఇది చెప్పు. ఇందులో నీకేమొస్తాది? ఈసారి నవ్వి పోయినావంటే కుక్కను విడుస్తా.”

యేసుదాస్ తప్పించుకొనే వీలు లేదని గ్రహించి, కంచె కొయ్యను పట్టుకొని చెప్పినాడు.

“ఆండిపట్టిలో వేదం నేర్పే ఉపదేశి ఒక సంగతి చెప్పినాడుంగ. మా సామి తనను సంపేదానికి ముందు, శిష్యులతో కూడు తినేటప్పుడు లేచి, నడుముకు గుడ్డ కట్టుకొని వాళ్ళ కాళ్ళు కడిగినాడంట. దుమ్ము కాళ్ళు. నేను నమ్మలా. దేవుడు కాళ్ళు పట్టేదేమి? కాళ్ళ దగ్గర కూర్చునేది మా పని కదా. మా తాత, మా నాయన, నేను, అందరం ఊరి కాళ్ళ దగ్గరే తల కిందికేసుకొని బతికినాం. ఎవరో కూర్చోబెట్టినారు, కూర్చున్నాం. మనసులో తిట్టుకుంటా కుట్టినాం. ఆయన్ను ఎవరు కూర్చోబెట్టినారు? ఎవరూ లేదు. ఇష్టపడి కూర్చున్నాడు. అది విన్నాక ఎవరి కాళ్ళ దగ్గరికి పోయినా, నాకంటే ముందే ఆయన ఆడ కూర్చోనుండాడు అనిపిస్తాదింగ. సంతోషం రాకుండా ఎట్ల ఉంటాది?”

వీరమ్మాళ్ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. ఈ జవాబులో బియ్యం లేదు, గుడ్డ లేదు. కొలవడానికి, తూచడానికి ఏమీ లేదు. అబద్ధమని తోసివేయడానికి కూడా వీలు కనబడలేదు. ఎవరూ చెప్పకుండా, తనకే రాబడీ లేనట్టి పని తాను ఎప్పుడైనా చేసినదా అని వెదికి చూసుకొన్నది. కాపురం పెద్దలు చెప్పినట్టు చేసింది, సేద్యం మగడు చెప్పినట్టు చేసింది, వ్రతాలు పురోహితుడు చెప్పినట్టు చేసింది. ఇతడు చెప్పినది నిజమో కాదో తెలుసుకోవడానికి దారి ఒకటే ఉన్నదని ఆమెకు తోచింది.

“పార తీసుకో,” అన్నది.

మోట తోలే అప్పసామి పేది మాట వినగానే అత్తవారి ఊరికి పారిపోయినాడు. వీరమ్మాళ్ చీర కొంగు నడుముకు బిగించి, ఎద్దులను తానే కట్టింది. నాయకర్ ఇంటి ఆడది కవలై తోలడం ఆ ఊరిలో కనీవినీ ఎరుగని పని. ఎద్దులకు అటువంటి పట్టింపులు లేవు. అవి అలవాటు ప్రకారం దిగినవి. మోట పైకి వచ్చి తొట్టిలో కుమ్మరించింది. యేసుదాస్ కళ్ళు మూసుకొని పెదవులు కదిపి, పార ఎత్తి బీడుకు అడ్డంగా కాలువ తీయసాగినాడు.

నీరు తోట దాటి కాలువలో సర్రున దిగింది. బీడు నడిమికి చేరేసరికి కనబడలేదు. మరిన్ని మోటలు తోలినా అంతే. రేగడి నెర్రెలు నోళ్ళు తెరుచుకొని వచ్చిన నీటిని వచ్చినట్టే మింగుతూ ఉన్నవి. మండపం ఎదురుగా కనబడుతూనే ఉన్నది. అక్కడి నుండి మూలుగు వినబడుతున్నది.

వీరమ్మాళ్ ఎద్దులను నిలిపి గట్టెక్కి చూసి తల కొట్టుకొన్నది.

“ఒరే పిచ్చోడా! నీకు తోలు తెలుసు, నేల తెలీదు. రేగడి బీడులో ఎవడన్నా కాలువ తీస్తాడా? ఈ నెర్రెలు పూడేదానికి ఆడిమాసం వాన కావల!”

యేసుదాస్ నెర్రెల్లోకి చూసినాడు. తరువాత పారను అక్కడే పడవేసి, ఇంటివైపు పరుగెత్తినాడు. భయపడి పోయినాడని ఆమె అనుకొన్నది. కాసేపటికి మగడూ పెళ్ళామూ నెత్తిన బరువులతో తిరిగి వచ్చినారు. ఊరి మోటలన్నింటికీ రాబోయే ఏటికి కావలసిన తోళ్ళు అవి. తంగేడు చెక్కతో ఊరవేసి, నెలల తరబడి పదును చేసి, అటక మీద దాచినవి. అతని సొత్తు అంటూ చెప్పదగినది అంతే.

“అవి ఊరి తోళ్ళురా! నీళ్ళలో బురదలో నానితే చెడిపోవా?”

“నీళ్ళు మోసేదానికి చేసినవే కదంగ. నిలబడి మోసేవి. ఈడ పండుకొని మోస్తాయి.”

తాయమ్మాళ్ ఒక తోలు విప్పుతూ, “అమ్మణ్ణీ, ముందు ఈయన ఏడ్సేటప్పుడు ఇంట్లో తోళ్ళన్నా ఉండేవి,” అన్నది. అంటూనే అంచులు సరిచేసి, రాళ్ళు బరువు పెట్టింది.

తోలు మీద తోలు అంచు కలుపుతూ, నెర్రెలు ఉన్నంత మేర కాలువ అడుగున పరచినారు. వీరమ్మాళ్ మళ్ళీ ఎద్దులను తోలింది. మోకు బిగిసినప్పుడు తోలేవాడు దాని మీద కూర్చొని బరువు వేయడం వాడుక. ఆమె ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, మోకుపై కూర్చున్నది. ఎద్దులు దిగినవి, ఆమె కాళ్ళు నేల విడిచినవి. వెనుక నీళ్ళు దబ్బున పడిన చప్పుడు. ఆ నీళ్ళు తన పైరుకు పోవడం లేదు, తన కుండలోకి రావడం లేదు, తనకు పేరు తెలియని ఎవరి నోటికో పోతున్నవి. ఎందుకో ఆమెకు నవ్వు వచ్చింది. పైకే నవ్వింది. ఈ వయసులో తానొక్కతే నవ్వుతున్నదని గమనించి, మూతి మూసుకొన్నది గాని నవ్వు ఆగలేదు.

నీరు తోళ్ళ మీదుగా జారి మండపం మెట్ల వద్దకు చేరింది. అప్పటికి రంగరాజన్ ప్రాణం పోయింది. కాంతమ్మాళ్ మోచేతులపై జరిగి వచ్చి, తల ఎత్తి అడిగింది.

“ఎవరి నీళ్ళు ఇవి?”

“పైన వీరమ్మాళ్ అనే నాయకర్ అమ్మ బావివి,” అని యేసుదాస్ దూరం నుండి చెప్పినాడు. “కవలై నుంచి నేరుగా వస్తాండాయి. నేను ముట్టలేదుంగ.”

ఆమె దోసిలి పట్టి తాగింది. కక్కింది. మళ్ళీ తాగింది. ఆమె వెనుక ఇంకొకరు పాక్కొంటూ వచ్చినారు. యేసుదాస్ ఆమెను ఒక్క మాటే అడిగినాడు: “మీ అన్నకు గుంట తీస్తానుంగ. మీ వాడుక ప్రకారం తల ఏ దిక్కుకు పెట్టవలెనో చెప్పండి.” కాంతమ్మాళ్ అతని వంక చూసి, చేతితో దక్షిణం చూపింది.

వీరమ్మాళ్ ఇంతలో తోటలోని పాకలో గంజి కాచి, ఉప్పు వేసి, తానే మోసుకొని పోయి మండపంలో వారికి పోసింది. తిరిగి వచ్చేసరికి చెన్నకేశవన్ ఇద్దరు మనుషులతో బావిగట్టున నిలబడి ఉన్నాడు.

“వదినా! నాయకర్ ఇంటి ఆడది కవలై తోలేదా? ఊరు ఏమంటాది?”

“తోలేవాడు పారిపోయె. ఊర్లో ఎవడన్నా వస్తే దిగుతా.”

“నేను ఉత్తరువు చేసింది తెలీదా? కంప ఏమిటికి వేసినా?”

“వాళ్ళు ఊర్లోకి రాకూడదంటివి. రాలేదే. నీళ్ళే పోతాండాయి.”

“పేది పైకి పాకితే? ఊర్లో బిడ్డలుండారు వదినా!” అది కోపం కాదని ఆమెకు తెలిసింది. “ఒరే, ఎద్దులను విప్పండిరా!”

“విప్పు,” అన్నది వీరమ్మాళ్. “నేను మండపం తొక్కి వచ్చినా, ఊర్లోకి రాను; ఈ పాకలోనే పండుకొంటా. నీళ్ళు కిందికి పోతాయి గాని పైకి రావు. అయినా విప్పు. విప్పినాక నువ్వే ఆ గట్టు చివరికి పోయి, నీళ్ళు నిలిపేసినానని ఆ పెద్దామెకు నీ నోటితో చెప్పి రా.”

మణియకారర్ పంతానికి గట్టు చివరి వరకు నడిచినాడు. కింద కాంతమ్మాళ్ కాలువ పక్కన కూర్చొని, తడి చేయి ముఖానికి రాసుకొంటూ ఉన్నది. గట్టు మీద తలగుడ్డ కట్టిన పెద్దమనిషిని చూసి, బావి సొంతదారు ఇతడేననుకొని, రెండు చేతులు పైకెత్తింది.

“నాయకరే! మీ బిడ్డలు సల్లగుండాల!”

చెన్నకేశవన్ చెప్పదలచినది చెప్పకనే వెనుదిరిగినాడు. తిరిగి వచ్చి బావిగట్టున నిలబడినాడు. ఎద్దులను విప్పబోయిన మనుషులు అతని ముఖం చూసి చేయి ఆపినారు.

“ఆమె నన్ను దీవించె,” అన్నాడు. “నేనేమి చేసినా?”

“ఇంగా ఏమీ చేయలా,” అని వీరమ్మాళ్ చర్నాకోల అతని చేతికి ఇచ్చింది. “నా చేతులు నొప్పి పెడతాండాయి. ఇప్పుడు చెయ్యి.”

“మణియకారర్ కవలై తోలేదా?”

“నన్నడుగుతావేమి? ఎద్దులనడుగు.”

అతడు గొణుగుతూ ఎద్దుల వెనుక నిలబడినాడు. మొదటి మోట సగమే నిండి వచ్చింది. రెండవది నిండుగా వచ్చింది. మూడవసారి, ఎవరూ చెప్పకుండానే, మోకు మీద కూర్చున్నాడు. దిగువన నీటి దారి వెంట అతని చూపు పోయి, బీడు నడుమ నల్లగా మెరుస్తున్న తోళ్ళపై ఆగింది. అవి ఏమిటో తెలిసి, మోకు మీద నుండే కేక పెట్టినాడు.

“ఒరే! అవి నా కవలైకి చెప్పిన తోళ్ళు కదరా?”

గుంట తీస్తున్న యేసుదాస్ నడుము నిలబెట్టి, చెమట తుడుచుకొన్నాడు.

“మీవేనుంగ సామీ,” అని గట్టిగా చెప్పినాడు. “ముందరి తోలు మీదే. ఆమె తాగుతాండేది దాని మీది నీళ్ళే.”

చెన్నకేశవన్ ఇంకేమో అనబోయి, ఎద్దులు నిలిచిపోవడం చూసి, వాటిని అదలించినాడు.